గడ్డిగోడలో ఒక అరుగు



ఇటువైపు రాక చాలా కాలమయినది. పద్యాల మీద టపా ఎప్పుడని అడిగిన మిత్రులు మన్నించాలి. ఈసారి విషయం ఛందస్సు కాదు, గడ్డి. హాస్యమాడడం లేదు. గడ్డితో కట్టిన ఒక గోడ, ఆ గోడలో ఒక కిటికీ, ఆ కిటికీలో ఒక అరుగు, ఆ అరుగు దగ్గర నేను చేసిన ఒక తప్పు. తప్పు సంగతి వ్రాయవద్దని మా ఆవిడ అన్నది. అందులో ఆమెకూ కొంచెం వాటా ఉన్నదనుకోండి. కానీ ముప్పై మూడేళ్ళు పిల్లల తప్పులను ఎర్రసిరాతో దిద్దినవాడు తన తప్పునొకదానిని నల్లసిరాతోనైనా వ్రాసుకోకపోవడం న్యాయం కాదనిపించి వ్రాస్తున్నాను.

2022 మే నెలలో మేమిద్దరమూ కొలరాడో వెళ్ళాము. మా అబ్బాయి, కోడలు అక్కడ కొండల పాదాల దగ్గర కొంత నేల కొనుక్కొని, తమ చేతులతో తామే ఇల్లు కట్టుకుంటున్నారని తెలుసు. దేనితో కడుతున్నారో మాత్రం అక్కడికి వెళ్ళేదాకా చెప్పలేదు. చెబితే నేను ఏమంటానో వాడికి తెలుసు. వెళ్ళి చూస్తే, దూలాలూ స్తంభాలూ నిలబెట్టిన చట్రం, పైన కప్పు, ఆ కప్పు కింద ఇంటెత్తున పేర్చిన గోధుమగడ్డి బేళ్ళు!

"ఇవి దేనికిరా, గొడ్లు కూడా కొన్నారా?" అన్నాను.

"ఇవే గోడలు నాన్నగారూ" అన్నాడు.

బాపట్ల దగ్గరి పల్లెలో పుట్టినవాణ్ణి. మా వైపు గడ్డి అంటే వామి, పొగాకు అంటే బేలు. గడ్డిని బేలు కట్టి గోడగా పేర్చడం నేనెరుగను. మా ఆవిడ ముఖం మరీ పాలిపోయింది. ఆమె చిన్నతనంలో ఒక వేసవి మధ్యాహ్నం వాళ్ళ వీధిలో పూరిళ్ళన్నీ వరుసగా అంటుకోవడం కళ్ళారా చూసింది. "గడ్డి ఇల్లా నాయనా?" అన్నది, అంతే. వాడు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. వదులుగా ఉన్న గడ్డి అంటుకుంటుంది, బిగించి కట్టిన గడ్డిలో మంటకు గాలి అందదు, పైగా రెండు వైపులా అంగుళం పైచిలుకు మెత్తు ఉంటుంది అని. నాకొక ఉపమానం తోచింది. జవాబుపత్రం ఒక్కటైతే అగ్గిపుల్లతో పోతుంది. మూడు వందల పత్రాలు బిగించి కట్టిన కట్టను పొయ్యిలో వేస్తే అంచులు మాడతాయే తప్ప లోపల మార్కులు అలాగే ఉంటాయి. ఆ మాట విన్నాక ఆమె నవ్వింది. భయం పూర్తిగా పోయిందని చెప్పలేను.

పండితుణ్ణి కదా, నాకు ముందు స్ఫురించినది సీతమ్మవారు. అశోకవనంలో రావణుడికీ తనకూ మధ్య ఆ తల్లి గడ్డిపరకను అడ్డం పెట్టుకొని మాట్లాడింది. ఆ ఘట్టం పాఠం చెప్పిన ప్రతిసారీ తృణమంటే తృణీకారమని, రావణుణ్ణి గడ్డిపోచగా ఎంచడమని వివరించేవాణ్ణి. ఆ గడ్డిపరక గోడ కూడా కావచ్చునని నాకు తోచడానికి అరవై ఆరేళ్ళు పట్టింది.

ఈ విద్య మావాడి కల్పన కాదు. జూన్‌లో ఒక శనివారం పక్కనున్న నెబ్రాస్కా రాష్ట్రానికి తీసుకువెళ్ళి చూపించాడు. అక్కడ శాండ్‌హిల్స్ అనే ఇసుకదిబ్బల ప్రాంతమున్నది. కనుచూపు మేర గడ్డే. చెట్టు అరుదు, కలప లేదు. ఇసుకనేల కావడంతో మట్టిగడ్డలు కోసి గోడ పెడదామన్నా నిలిచేది కాదట. 1904లో కింకెయిడ్ చట్టమని ఒకటి వచ్చి, అక్కడ కాపురముండేవారికి తలా 640 ఎకరాలు ఇచ్చింది. జనం వచ్చారు, తల దాచుకోవాలి, ఉన్నది గడ్డి ఒక్కటే. గడ్డిని నొక్కి బేళ్ళు కట్టే యంత్రాలు అప్పటికే వచ్చాయి. ఆ బేళ్ళనే ఇటుకలుగా పేర్చి, పైన కప్పు వేసి, మెత్తారు. తాత్కాలికమనుకొని కట్టినవి కొన్ని తరాల పాటు నిలిచాయి. ఆర్థర్ అనే చిన్న ఊళ్ళో 1928లో గడ్డిబేళ్ళతో కట్టిన ప్రార్థనామందిరం ఇప్పటికీ ఉన్నది. గోడలు రెండడుగుల మందం. 1979లో దానిని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. లోపల నిలబడి గోడను తట్టి చూశాను. మా తాతగారి మట్టిగోడ చేసిన చప్పుడే చేసింది.

అదే రాష్ట్రంలో బేయార్డ్ అనే ఊరి దగ్గర పందొమ్మిదవ శతాబ్దం చివరలో ఒక బడిని కూడా ఇలాగే కట్టారట. కట్టి, మెత్తకుండా వదిలేశారు, కంచె వేయలేదు. ఆవులు వచ్చి బడిని తినేశాయి! ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారెవరైనా ఈ కథ విని నిర్వికారంగా ఉండగలరా? మా బడికి వర్షం వస్తే సెలవు ఇచ్చాము, కప్పు కూలితే సెలవు ఇచ్చాము. బడిని పశువులు భోంచేసిన కారణంగా సెలవు ఇచ్చిన ప్రధానోపాధ్యాయుణ్ణి మాత్రం ఎరుగను. దారి పొడుగునా మా మనుమరాలు నన్ను అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పమన్నది. 'గో' శబ్దం 'గవ' అయి 'అక్షం'తో కలిస్తే గవాక్షం, అంటే ఆవు కన్ను, కిటికీకి మనవాళ్ళు పెట్టిన పేరు అదేనని చెప్పాను. "అయితే ఆవులు ముందు కిటికీలోంచి చూసి, తరవాత తిన్నాయా తాతగారూ?" అన్నది. వ్యాఖ్యానమంటే అది!

కిటికీకి మనకు మరో పేరు వాతాయనం. వాతం అంటే గాలి, అయనం అంటే దారి. ఇంగ్లీషువారి 'విండో' కూడా ఉత్తరాది పాతభాషలో 'గాలికన్ను' అనే మాట నుంచి పుట్టిందే. అంటే మన గవాక్షంలోని కన్ను, వాతాయనంలోని గాలి కలిస్తే వాళ్ళ కిటికీ అయింది. ఎవరిని చూసి ఎవరూ వ్రాసుకోలేదు. మనుషుల అవసరాలు ఒకటే కాబట్టి మాటలూ అలా కుదిరాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. బేలు పొడవు మూడడుగులు, వెడల్పు పద్ధెనిమిది అంగుళాలు, ఎత్తు పధ్నాలుగు అంగుళాలు. దానిని వెల్లకిలా పరిచి పేరుస్తారు. మెత్తుతో కలిపి గోడ ఇరవై అంగుళాల పైచిలుకు అవుతుంది. కిటికీని గోడ బయటి అంచున బిగిస్తే, లోపలి వైపు పదిహేను పదహారు అంగుళాల లోతున ఒక గూడు దానంతట అదే ఏర్పడుతుంది. మామూలు ఇళ్ళలో కిటికీ పక్కన కూర్చోవడానికి బల్ల చేయించుకోవాలి. ఇక్కడ గోడే బల్ల.

మావాడు దక్షిణపు గోడలో అయిదడుగుల వెడల్పున కిటికీ ఒకటి పెట్టాడు. నేల మీద నాలుగంగుళాల చెక్కపీఠం, దాని మీద ఒకే ఒక వరుస బేళ్ళు, పైన కిటికీ. గచ్చు పోసిన తరవాత కొలిస్తే లోపలి అరుగు ఎత్తు పదిహేడు అంగుళాలు వచ్చింది. ఒక బేలు ఎత్తే మనిషి కూర్చునే ఎత్తు కావడం నాకు గొప్ప ఆశ్చర్యం. అరుగుబల్లను ఆరంగుళాలు గదిలోకి చొప్పించాడు, కాళ్ళు చాపుకొని కూర్చోవడానికి. కిటికీ పక్కల బేళ్ళను గుండ్రంగా, ఏటవాలుగా చెక్కాడు. అలా చెక్కితే వెలుగు గదంతా పరుచుకుంటుంది, వీపు ఆనించుకోవడానికీ వాటంగా ఉంటుంది. అలా ఆనుకొని కూర్చుంటే ముఖం పూర్తిగా బయటికీ ఉండదు, పూర్తిగా లోపలికీ ఉండదు. అద్దం అంత కిందికి ఉంటే ఎవరైనా పడినా గుచ్చుకోకుండా పొడిగా రాలిపోయే గట్టి అద్దమే వేయాలని అక్కడి నియమం. అదీ వేశాడు. ఆ ప్రాంతం ఇంచుమించు 40 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. శీతకాలపు మధ్యాహ్నం సూర్యుడు అక్కడ ఆకాశంలో మూడో వంతు కూడా ఎక్కడు కనుక ఎండ నేరుగా అరుగు మీదికి వస్తుంది. వేసవిలో నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కనుక చూరు అడ్డుపడుతుంది.

అది పూర్తవుతుండగా చూసి, "ఇది మన అరుగేరా" అన్నాను. మన అరుగు ఇంటిది కాదు, వీధిదీ కాదు. దాని మీద కూర్చున్నవాడు ఇంట్లో ఉన్నట్టూ ఉంటాడు, ఊళ్ళో ఉన్నట్టూ ఉంటాడు. మంచు కురిసే దేశంలో వీధి అరుగు పనికిరాదు గనుక, దానిని గోడలోకి తీసుకొని ముందర అద్దం మూశారు.

లోపలి గోడకు బంకమన్ను, ఇసుక, తరిగిన గడ్డి కలిపి మెత్తడం. ఆ పని దగ్గర మా ఆవిడే మేస్త్రీ. కోడలు మట్టి తొక్కుతుంటే, "పేడ కలపకపోతే నునుపు ఎలా వస్తుందమ్మా?" అని బాధపడుతూనే అరచేతితో అలికి చూపించింది. పక్క ఊరి నుంచి సాయానికి వచ్చిన అమెరికా ఆడవాళ్ళు చుట్టూ చేరి ఆ చేతినే చూస్తూ నిలబడ్డారు. బయటి గోడకు సున్నం, ఇసుక. సిమెంటు వాడకూడదన్నాడు మావాడు. గడ్డికి శత్రువు నిప్పు కాదు, తేమ. సున్నం, మట్టి లోపలి తేమను మెల్లగా బయటికి పోనిస్తాయి. సిమెంటు పట్టి ఉంచుతుంది. కిటికీ కింద అన్నిటికంటె ప్రమాదం గనుక అక్కడ రేకు పరిచి, బయటికి ఏటవాలుగా దించి, గోడను దాటించి నీరు చుక్కచుక్కగా నేల మీద పడేట్టు అంచు వంచాడు.

జూలై చివర ఆఫీసు పని మీద మావాడు రెండు రోజులు వేరే ఊరు వెళ్ళాడు. కోడలు మమ్మల్ని ఉదయమే అక్కడ దించి వెళ్ళేది. మా ఆవిడ ఆ కిటికీ ముందు నిలబడి, "అన్నీ బాగున్నాయి కానీ తులసి కుండీ పెట్టుకోవడానికి చోటు లేదే, అంతా జారుడు" అన్నది. ఆ మాట నాకు పట్టుకున్నది. పునాదికి వాడగా మిగిలిన సిమెంటు అరబస్తా ఉన్నది. ఇసుక ఉన్నది. నేనున్నాను. ఒక్క పూటలో ఆ ఏటవాలును కప్పేసి, చదునుగా, చక్కగా, బారెడు వెడల్పున గట్టు కట్టాను. వాడు వంచి పెట్టిన ఆ అంచు గట్టులో పూడిపోయింది. మా తాతగారి ఇల్లు కరక్కాయ నీళ్ళు పోసి నూరిన గానుగ సున్నంతో కట్టినది. ఆ గోడల మధ్య పెరిగిన నాకు కూడా సున్నం కంటె సిమెంటే గట్టిదని ఎందుకు తోచిందో తెలియదు. మావాడు వచ్చి చూశాడు. ఒక్క క్షణం ఏమీ అనలేదు. అమ్మ కుండీ అప్పటికే గట్టు మీద ఉన్నది. "తరవాత చూద్దాం లెండి" అన్నాడు.

ఆగస్టు మొదట్లో కొండల మీది నుంచి మూడు సాయంత్రాలు వరుసగా ఉరుములతో వానలు దిగాయి. ఆ తరవాత అయిదారు రోజులకు ఒక ఉదయం అరుగు మీద కూర్చొని పుస్తకం చదువుతున్నాను. ఒక వాసన వచ్చింది. చాలా చిన్న వాసన. పల్లెలో పెరిగినవాడికి అది చెప్పనక్కరలేదు. తడిసిన వామి అడుగున వచ్చే ముక్క వాసన.

వామి వేసేటప్పుడు మా నాన్నగారు అడుగున రాళ్ళు పరిచేవారు. పైభాగం వీపులాగా గుండ్రంగా దించేవారు. చదునుగా ఎక్కడ ఉన్నా తాపుతో సరిచేసి, "నీళ్ళు నిలిచినచోట వామి చచ్చిందిరా" అనేవారు. అదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చదును చేశాను.

అంతకంటె పెద్ద తప్పు ఆ తరవాతిది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. వాసన నా భ్రమ అనుకున్నాను. ఎండ వస్తే ఆరిపోతుందనుకున్నాను. కిటికీ తెరిచి ఉంచాను. రెండో రాత్రి నిద్ర పట్టక మా ఆవిడతో చెప్పాను. ఆమె చాలాసేపు పలకలేదు. తరవాత, "వాడు పదో తరగతిలో లెక్కల పేపరు దాచినప్పుడు మీరేమన్నారో గుర్తుందా?" అన్నది. గుర్తున్నది. చేయడం కాదురా, దాచడం తప్పు అని, గోడకుర్చీ వేయించాను.

పొద్దున్నే వాడితో చెప్పాను. వాడు రెండు పొడుగాటి సూదులున్న తేమ కొలిచే మీటరు తెచ్చి, అరుగు కింద గుచ్చాడు. గడ్డిలో తేమ ఇరవై శాతం లోపు ఉండాలి. మిగతా గోడలో ఎక్కడ చూసినా పన్నెండు. ఇక్కడ ఇరవై ఎనిమిది. వాడు ఆ అంకెను నాకు చూపించలేదు, నేనే వంగి చూశాను. వాడన్న మాట ఒక్కటే. "రేపు విప్పుదాం నాన్నగారూ."

అరుగుబల్ల తీశాము. బయటి నుంచి గట్టు పగలగొట్టాము. సిమెంటు కింద బేలు నల్లబడి, చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నది. అదృష్టవశాత్తు కిటికీ బరువు స్తంభాల మీద ఉన్నది, దాని కింద ఉన్నది ఒక్క వరుసే. రెండు బేళ్ళతో పోయింది. కొత్త బేళ్ళను కొలతకు కత్తిరించి తిరిగి కుట్టాలి. అందుకు మావాడు ఇనపకడ్డీతో రెండడుగుల దబ్బనం చేసుకున్నాడు. వాడు అటువైపు నుంచి గుచ్చడం, నేను ఇటువైపు నుంచి దారం అందుకొని లాగడం. మధ్యలో గడ్డి, ఒకరి ముఖం ఒకరికి కనబడదు. బహుశా అందువల్లనే నోరు పెగిలింది.

1998లో వాడు ఇంటర్మీడియట్ ముగించి, ఆర్కిటెక్చర్ చదువుతానన్నాడు. నలుగురూ కూర్చున్న అరుగు మీదనే నవ్వి, ఇల్లు కట్టడానికి చదువెందుకురా, మన ఊళ్ళో మేస్త్రీ లేడా అన్నాను. అందరూ నవ్వారు. వాడు కంప్యూటర్లు చదివాడు. బాగా చదివాడు, బాగా సంపాదించాడు. ఆ ప్రసక్తి మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

"నేను ఆ మాట అనకుండా ఉండవలసిందిరా" అన్నాను బేలుతో చెబుతున్నట్టు. ఏ మాటో చెప్పలేదు.

అటువైపు కొంచెం సేపు చప్పుడు లేదు. "మేస్త్రీ మాటా?" అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళు. ఏ మాట అని అడిగి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

"అవును" అన్నాను.

"దారం బిగించి పట్టుకోండి నాన్నగారూ, జారుతున్నది" అన్నాడు. పట్టుకున్నాను. అంతకంటె మేము దాని గురించి మాట్లాడుకోలేదు. సాయంత్రం పని ముగించాక మాత్రం వాడు ఇంటి పటాలన్నీ తెచ్చి పరిచి, మొదటిసారిగా, ఏ గది ఎందుకు ఎక్కడ పెట్టాడో గంటన్నర సేపు వివరించాడు. నేను మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు. మా ఆవిడ సాక్ష్యం.

కిటికీ కింద ఏటవాలు మునుపటి కంటె ఎక్కువ చేసి, కొత్త రేకు పరిచి సున్నం మెత్తాము. సున్నం త్వరగా ఆరితే పగులుతుంది గనుక, రోజుకు రెండుసార్లు నీళ్ళు చిలకరించి తడి గోనెపట్టా కప్పే ఉద్యోగం నాది. తులసి కుండీని గోడకు దూరంగా, చూరు కింది స్తంభానికి కొయ్యపలక కొట్టి పెట్టాము. అరుగు మీదికి మా ఆవిడ పాతచీరలు కలిపి బొంత కుట్టింది. తన పెళ్ళినాటి నేతచీర ఒకటి అందులో ఉన్నది. వద్దన్నాను, వినలేదు.

అక్టోబరు చివర మేము బయలుదేరే ముందు ఒకనాటి తెల్లవారుజామున మొదటి మంచు పడింది. నేను, మనుమరాలు బొంత మీద కాళ్ళు ముడుచుకొని, చెరో పక్క గోడకు ఆనుకొని కూర్చున్నాము. అద్దానికి అటువైపు మంచు, ఇటువైపు ఉప్మా వాసన. ఆవులు బడిని తిన్న కథ మరొకసారి చెప్పాను.

ఇప్పుడు మా ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోగా మిగిలిన అరుగులు నాలుగు. మీ మీ ఊళ్ళలో ఇంకా ఉంటే, వాటి ఎత్తు, వెడల్పు, అక్కడ ఎవరెవరు కూర్చునేవారో వ్రాసి ఉంచండి. నా కోసం కాదు, ఎక్కడో ఎవరో మళ్ళీ కట్టుకుంటారు.

మావాడు ఆదివారాలు ఫోను చేస్తాడు. పిల్ల చదువు, ఆఫీసు, వాతావరణం అయిన తరవాత నేను అడిగేది ఒక్కటే. "ఆ మూల ఎంత చూపిస్తున్నదిరా?" వాడు విసుక్కోకుండా లేచి వెళ్ళి, మీటరు గుచ్చి వచ్చి చెబుతాడు.

మొన్నటి ఆదివారం పదకొండు.